దారి తిప్పుకునే బండి

రమణబాబు రైలింజను దిగి లారీ ఎక్కాడంటే బిలాస్‌పూర్ రైల్వేపేట తార్‌బహార్‌లో మొదట ఎవరూ నమ్మలేదు. రైల్వే ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి పరీక్షలు రాసేవాళ్ళు ఆ వీధుల్లో ఇంటికొకరున్నారు. చేతిలో ఉన్నదాన్ని వదులుకున్న మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు. పైగా అతనిది డ్రైవర్ల ఇల్లు. తాత పలాస వైపు నుంచి వచ్చి ఆవిరి ఇంజన్లో బొగ్గు వేశాడు. తండ్రి అప్పలస్వామి గూడ్సుతో మొదలుపెట్టి మెయిలు డ్రైవరుగా రిటైరయ్యాడు. స్టేషను దగ్గరి టీ కొట్లో ఇప్పటికీ ఆయన కనిపిస్తే ఎవరో ఒకరు లేచి కుర్చీ ఇస్తారు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు, నలభై దాటిన వయసులో, ఊరి చివర తిఫ్రాలో రోడ్డు పక్కన లారీ కింద జాకీ పెడుతూ కనిపిస్తే జనం తలో మాటా అనుకున్నారు. తాగుడు పట్టిందన్నారు కొందరు. పైవాళ్ళతో గొడవపడ్డాడన్నారు మరికొందరు.

జరిగింది ఇది.

విప్పపూలు రాలే రోజులవి. రమణబాబు కోర్బా వైపు నుంచి బొగ్గు గూడ్సు తెస్తున్నాడు. అకల్తరా స్టేషను దాటింది. పొద్దుటి ఎండ ఇంకా ముదరలేదు. ముందు, పక్క లైను మీద, ఒకామె నెత్తిన విప్పపూల బుట్ట పెట్టుకుని ఇతని బండి పోయే వైపే నడిచి వెళుతోంది. ఆ లైన్లో ఎదురుగా పాసింజరు బండి వస్తోంది. దాని డ్రైవరు హారన్ కొట్టాడు. రమణబాబూ కొట్టాడు. రెండు మోతలూ ఒకటైపోయాయి. ఆమెకి ఎదురుగా వస్తున్న బండి కనిపించింది గానీ వెనక నుంచి వస్తున్నది కనిపించలేదు. పాసింజరుకి దారిచ్చి పక్కకి జరిగింది. ఆ పక్కనున్నది రమణబాబు లైను.

అతను ఎమర్జెన్సీ బ్రేకు వేశాడు. బొగ్గు నిండిన బండి బ్రేకు వేసిన చోట ఆగదు. డ్రైవరు చెయ్యవలసింది అక్కడితో అయిపోతుంది. ఆపైన హారన్ నొక్కిపెట్టి, అద్దంలోంచి చూస్తూ కూర్చోవడమే. చివర్లో ఆమె వెనక్కి తిరిగింది. ఎవరో పేరుపెట్టి పిలిస్తే తిరిగినట్టు తిరిగింది. అతని కళ్ళలోకి చూసింది.

బండి చాలా దూరం పోయి ఆగింది. అసిస్టెంటు దిగి వెనక్కి నడిచాడు. రమణబాబు దిగలేదు. అసిస్టెంటు తిరిగివచ్చి, ముఖం కడుక్కుని, చెప్పవలసినవాళ్ళకి వాకీటాకీలో చెప్పాడు. పోలీసులు వచ్చారు, ఏదో రాసుకున్నారు. తర్వాత సిగ్నలు పడింది. సిగ్నలు పడితే బండి కదలాలి. బిలాస్‌పూర్ దాకా రమణబాబే నడిపాడు.

తప్పు నీది కాదని అందరూ అన్నారు. షెడ్డులో అన్నారు, ఇంటికొచ్చి అన్నారు. అది అతనికీ తెలుసు. తనదే తప్పయితే సరిదిద్దుకోవడానికి ఏదో ఒకటి ఉండేదేమో అనిపించేది. ఇక్కడ అదీ లేదు. ఇంజన్లో అతని చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆ చేతులకి అప్పుడు హారన్ నొక్కడం తప్ప పనేమీ లేదు. అదే అతన్ని పట్టుకుంది.

సెలవు తర్వాత డ్యూటీకి వెళ్ళాడు. లైను పక్కన మేకల్ని తోలుకునే మనిషి కనిపించినా చెయ్యి బ్రేకు మీదికి పోయేది. బండ్లు ఆలస్యమయ్యాయి. పైవాళ్ళు పిలిచి మంచిగానే మాట్లాడారు. డాక్టరుకి చూపించారు. కొన్నాళ్ళు ఇంజను వద్దన్నారు. డ్రైవర్లు డ్యూటీకి వచ్చి సంతకం చేసే లాబీలో కుర్చీ ఇచ్చారు. కిటికీలోంచి వెళ్ళేవాళ్ళని చూడడం, వచ్చేవాళ్ళని చూడడం. ఎవరైనా బరువైన ముఖంతో దిగితే ఏమయిందో అడగాలనిపించేది. అడిగేవాడు కాదు.

ఒక ఆదివారం చనిపోయినామె ఊరు వెళ్ళాడు. ఇంట్లో చెప్పలేదు. ఆమె పేరు సుకవారా అని పోలీసుల దగ్గర విన్నాడు. ఊళ్ళో అడిగితే ఇల్లు చూపించారు. భర్త పొలం పని మీద ఎటో వెళ్ళాడు. మట్టి అరుగు మీద అత్తగారు కూర్చుని పప్పు చెరుగుతోంది. బాగా ముసలిది. రైల్వే మనిషినని చెప్పాడు. ఆఫీసు నుంచి వచ్చాడనుకుని ఆమె మంచినీళ్ళిచ్చింది. నీళ్ళు తాగాక, ఆ బండి నడిపింది తనేనని చెప్పాడు.

ముసలామె చేట కింద పెట్టింది. చాలాసేపు అతన్ని చూసింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననే బహుశా వచ్చాడు.

"కేక వేసిందా, నాయనా?" అని తన ఛత్తీస్‌గఢీలో అడిగింది.

ఇంజను లోపలికి కేకలు వినపడవు. అతను తల అడ్డంగా ఊపాడు.

"చూసిందా? బండి వస్తోందని దానికి తెలిసిందా?"

"లేదమ్మా. అటు తిరిగి ఉంది. తనకేమీ తెలీలేదు."

ముసలామె కళ్ళు మూసుకుని, "పోనీలే, పోనీలే" అనుకుంది. మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది. అతను బస్సు కోసం రోడ్డు దాకా నడిచి వచ్చాడు. చెప్పిన అబద్ధం అప్పటినుంచీ అతనితోనే ఉంది.

లాబీలో పనిచేసే ఒకతనికి రాయగఢ్ బదిలీ అయింది. సామాను తిఫ్రాలో ఉండే శివాజీ లారీలో వేశారు. శివాజీది పలాస దగ్గరి మందస. చిన్నప్పుడే ఇటు వచ్చి, డ్రైవరుగా మొదలై, ఇప్పుడు రెండు లారీలకి యజమాని అయినా ఒకటి ఇంకా తనే నడుపుతాడు. సాయానికని రమణబాబు కూడా లారీ ఎక్కాడు. దారిలో శివాజీ ఏదో పెళ్ళి సంగతి చెబుతున్నాడు. చెబుతుండగా పొదల్లోంచి ఒక దూడ రోడ్డు మీదికి దూకింది. రమణబాబు చెయ్యి అక్కడ లేని బ్రేకు కోసం ముందుకి పోయింది. లారీ కొంచెం కుడికి వాలి, నెమ్మదించి, దూడని దాటి, మళ్ళీ ఎడమకి వచ్చింది. శివాజీ మాట తెగలేదు.

"అన్నా, బండాపు" అన్నాడు రమణబాబు.

"ఏటైంది? కడుపులో తిప్పతందా?"

లారీ ఆగింది. రమణబాబు దిగి, రోడ్డు మీద కాసేపు నిలబడి, మళ్ళీ ఎక్కాడు.

"ఇందాక ఆ దూడని ఎలా తప్పించావు?"

"ఏ దూడ?" అన్నాడు శివాజీ. అతనికి నిజంగానే గుర్తులేదు.

"అడ్డం వచ్చింది కదా."

"అచ్ఛా, అదా? అడ్డమొస్తే తిప్పుకుంతాం. దానికేటున్నాది?"

రాయగఢ్ చేరేదాకా రమణబాబు స్టీరింగు వైపే చూస్తూ కూర్చున్నాడు. సామాను దింపి తిరిగి వస్తున్నప్పుడు అడిగాడు. "నాకు నేర్పుతావా, అన్నా?"

శివాజీ నవ్వాడు. పక్కకి చూసి నవ్వు ఆపేశాడు.

ఇంట్లో ఈ మాట ముందు భార్యకి చెప్పాడు. మాధవీలత బోద్రీ కోర్టులో ఒక వకీలు దగ్గర టైపిస్టు. రోజూ ఆటోలో వెళ్ళివస్తుంది. కూరగాయలు తరుగుతూ విన్నది.

"లాబీలో కూర్చుంటే ఏటండీ నష్టం?" అంది.

"కూర్చోలేకపోతున్నాను."

"లారీకి మటుకు మనుషులు అడ్డం రారేటి?"

"వస్తారు. అప్పుడు ఆపొచ్చు, తిప్పొచ్చు, కాలవలోకి పోనివ్వొచ్చు. ఏదో ఒకటి చెయ్యొచ్చు మాధవీ. ఊరికే చూస్తూ కూర్చోక్కర్లేదు."

ఆమె కత్తిపీట మీంచి చెయ్యి తీసి భర్త ముఖంలోకి చూసింది. ఆ వేసవి నుంచీ అతను ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలేదు.

"రైల్వే వదిలితే ఈ క్వార్టరు కూడా వదలాలి" అంది చివరికి. "తిఫ్రాలో ఇళ్ళు చూస్తాను. బోద్రీ అక్కణ్ణించి నాకు దగ్గరే. మావయ్యకి మాత్రం మీరే చెప్పండి. అది నావల్ల కాదు."

అప్పలస్వామి విని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"రైలు డ్రైవరు లారీ డ్రైవరవుతాడేట్రా? మా అయ్య మొకం మాడ్సుకుని బొగ్గేసి మనల్ని ఈ గట్టుకి తెచ్చినాడు. నాను మెయిలు నడిపినాను. నువ్వు దిగిపోతానంతన్నావు."

"నావల్ల కావట్లేదు నాన్నా."

"నీకొక్కడికే అయినాదా?" అని, ఇంకేదో అనబోయి, ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ రోజుతో కొడుకుతో మాటలు ఆపేశాడు. తిఫ్రా ఇంటికి వచ్చాడు, అదే వంటింట్లో తిన్నాడు, కానీ ఏం చెప్పాలన్నా కోడలితో చెప్పించేవాడు. "ఆడికి సెప్పమ్మా, నీళ్ళ మోటారు పాడైందని." కొడుకు అక్కడే కూర్చుని ఉండేవాడు.

లారీ నేర్చుకోవడం అనుకున్నంత తేలిక కాలేదు. రైలు డ్రైవరు ముందుకి చూస్తే చాలు, పట్టాలు తీసుకుపోతాయి. ఇక్కడ చుట్టూ చూడాలి. మొదట్లో స్టీరింగు పట్టుకుని, రోడ్డే తన బండిని నడిపిస్తుందన్నట్టు కూర్చునేవాడు. శివాజీ మోకాలి మీద కొట్టి, "తిప్పు, తిప్పు" అనేవాడు. వెనక్కి పోనివ్వడం అసలు చేతకాలేదు. సిర్గిట్టి గోదాముల దగ్గర మిగతా డ్రైవర్లు, రైలు డ్రైవరుకి రైల్వేలో ఉన్న పేరుతో, "పైలట్ సాబ్" అని పిలిచేవాళ్ళు. దాబాలో పక్కన కూర్చోబెట్టుకుని మరీ పిలిచేవాళ్ళు. అతను ఉలికిపడేవాడు కాదు, నవ్వేవాడూ కాదు. పెద్ద బండి లైసెన్సు చేతికొచ్చాక శివాజీ లోడు బండి ఇచ్చాడు.

మొదటిసారి లోడుతో కేశ్‌కాల్ ఘాటురోడ్డు దిగబోయే ముందు శివాజీ లారీ పక్కకి తీయించాడు. కింద మలుపులు ఒకదాని కింద ఒకటి కనిపిస్తున్నాయి.

"తమ్ముడూ, ఒక మాట సెప్తాను, ఏటనుకోకు. ఈ బండి ఆగుద్ది, తిరుగుద్ది అని నువ్వు ఉద్యోగం ఒగ్గీసి వొచ్చినావు. లోడుతో దిగువకి ఎల్లినప్పుడు ఇది కూడా నీ రైలే. మాట వినదు. నువ్వు ఆపాలంతే ముందే ఆపాలి. మనిషి అగుపించినాక ఆపుదామంతే అవదు."

రమణబాబు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. పేరు, క్వార్టరు, తండ్రి మాట, అన్నీ వదిలి ఎక్కిన బండి ఇది. ఇదీ అలాంటిదేనా? తలుపు తీసుకుని దిగి, అటువైపు నడిచివెళ్ళి, "నువ్వు నడుపన్నా" అన్నాడు. శివాజీ డ్రైవరు సీట్లోకి జరిగి కూర్చున్నాడు. ఘాటు దిగుతున్నంతసేపూ రమణబాబు శివాజీ కాళ్ళే చూశాడు. ఎక్కడ గేరు తగ్గిస్తున్నాడో, బ్రేకు ఎక్కడ తాకి వదిలేస్తున్నాడో. మలుపు కనిపించకముందే బండి నెమ్మదిస్తోంది. మరోసారి అదే ఘాటు దిగవలసి వచ్చినప్పుడు తనే వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

అలా ఏడాది గడిచింది. శివాజీ రెండో లారీ అతనికే అప్పగించాడు.

ఆ చలికాలంలో సాలూరు నుంచి ఫోను వచ్చింది. అప్పలస్వామి చెల్లెలు అచ్చియమ్మకి బాగాలేదు, అన్నని చూడాలంటోంది. ఆయన పాసు తీసుకుని స్టేషనుకి వెళ్ళాడు. లైను పనుల వల్ల వెళ్ళవలసిన బండి రద్దయింది. మర్నాడూ అంతే. రైళ్ళ మీద బతికిన మనిషి ప్లాట్‌ఫారం మీద కాసేపు కూర్చుని ఇంటికి వచ్చాడు. అదే వారం రమణబాబు కోళ్ళఫారాలకి తవుడు చెక్క వేసుకుని విజయనగరం వెళుతున్నాడు. దారి సాలూరు మీదుగానే.

"మావయ్యా, ఆయన అటే వెళ్తున్నారు" అంది మాధవీలత.

అప్పలస్వామి జేబులోని పాసు తీసి అలమరలో పెట్టేశాడు. తెల్లవారి లారీ బయల్దేరే వేళకి సంచితో అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

రాయపూర్ దాటారు. ధమ్తరీ దగ్గర టీ తాగారు. కాంకేర్ దాటాక రోడ్డు సాలవృక్షాల అడవిలోకి వెళ్ళింది. అక్కడ, కిటికీ వైపే ముఖం పెట్టుకున్న పెద్దాయన ఉన్నట్టుండి, "ముందు మలుపు" అన్నాడు.

"మలుపు" అని బదులు చెప్పాడు రమణబాబు. ఇంజన్లో సిగ్నలు కనిపిస్తే అసిస్టెంటు పైకి చెప్పాలి, డ్రైవరు తిరిగి చెప్పాలి. ఏళ్ళ అలవాటు ఇద్దరికీ నోటికొచ్చేసింది. కాసేపటికి మళ్ళీ, "ఎడమ పక్క సైకిలు" అన్నాడు. "సైకిలు" అన్నాడు కొడుకు. కేశ్‌కాల్ ఘాటు అలాగే ఎక్కారు. వేరే మాట ఒక్కటీ లేదు.

జగదల్‌పూర్‌లో రాత్రి ఆగి పడుకుని, తెల్లారాక బయల్దేరారు. కొంత దూరం పోయాక ఒక ఊళ్ళో వారపు సంత. రోడ్డుకి రెండు పక్కలా జనం. రమణబాబు ఊరు మొదట్లోనే గేరు తగ్గించాడు. ముందు ఒకామె నెత్తిన గంపతో రోడ్డు దాటుతోంది. ఎదురుగా బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. సగం దాకా వచ్చిన ఆమె బస్సుని చూసి, ముఖం అటే పెట్టుకుని, వెనక్కి వెనక్కి అడుగులేసింది. లారీ దారిలోకి వచ్చేసింది.

అప్పలస్వామి ఏదో చెప్పబోయాడు.

లారీ అప్పటికే ఆగి ఉంది.

ఆమె వీపు బంపరుకి తగిలింది. గిరుక్కున తిరిగి, ఇంత ఎత్తు లారీని చూసి, గంప ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బంపరు మీద కొట్టింది. కళ్ళు కనపడవా అంది. ఇంత పెద్ద బండి పెట్టుకుని మనుషుల మీదికి వస్తారా అంది. ఇంకా చాలా అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. తిట్టడం అయిపోయాక గంప సర్దుకుని జనంలో కలిసిపోయింది.

వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. రమణబాబు ఎలాగో లారీని సంత దాటించి, ఒక చెట్టు పక్కన ఆపి, ఇంజను కట్టేశాడు. చేతులు స్టీరింగు మీంచి రావడం లేదు. అప్పలస్వామి మెల్లగా దిగి, చుట్టూ తిరిగి వచ్చి, డ్రైవరు వైపు తలుపు తీశాడు.

"దిగరా. నీళ్ళు తాగు."

అతను దిగి చెట్టు మొదట్లో కూర్చున్నాడు. తండ్రి సీసా మూత తీసి చేతికిచ్చాడు. కొడుకుని పేరు పెట్టో, ఒరే అనో ఆయన పిలిచి ఏడాది దాటింది.

"నాకూ ఉన్నారు" అన్నాడు అప్పలస్వామి, రోడ్డు వైపు చూస్తూ.

ఎవరని అడగబోయి రమణబాబు ఆగిపోయాడు.

"పేర్లు తెలీవు. మా కాలంలో తెలుసుకునీవోళ్ళం కాదు. బండాగీది, గార్డు రాసుకునీవోడు, బండి కదిలీది. ఇంటికొచ్చి కుళాయి కాడ నీళ్ళోసుకుని లోపలికొచ్చీవోణ్ణి. మీయమ్మ ఏటని అడిగీది కాదు."

రమణబాబుకి గుర్తొచ్చింది. చిన్నప్పుడు కొన్ని రోజులు నాన్న డ్యూటీ బట్టలతోనే పెరటి కుళాయి కింద కూర్చునేవాడు. ఆ రోజుల్లో అమ్మ పిల్లల్ని పక్కింటికి పంపేసేది. నాన్నకి కోపం వచ్చిందనుకునేవాళ్ళు.

"అన్నేళ్ళు ఎలా నడిపావు నాన్నా?"

"నడపక ఏటి సేస్తాను? దిగిపోవచ్చని నాకు తోచనే నేదు." ఆయన సీసా తీసుకుని మూత బిగించాడు. "నువ్వు దిగిపోతానన్న రోజున నాకు కోపమొచ్చినాది. అది నీ మీద కాదురా."

సంత నుంచి మేకల్ని తోలుకుంటూ ఒక కుటుంబం వాళ్ళ ముందునుంచి వెళ్ళింది. అవి దాటిపోయాక రమణబాబు అన్నాడు.

"అకల్తరా దగ్గర ఆమె నన్ను చూసింది నాన్నా. చివర్లో తిరిగి నన్ను చూసింది. వాళ్ళ అత్తతో చూడలేదని చెప్పాను."

ఎప్పుడు వెళ్ళావని తండ్రి అడగలేదు.

"ఆ మాట ముసల్దాని కాడ అలగే ఉండనీ. నిజం నీ కాడ ఉంటాది. అది తప్పదు. మొయ్యాలి."

"ఊఁ."

"ఎల్దామేటి?"

రమణబాబు లేచి, టైర్లు ఒకసారి తట్టి చూసుకుని ఎక్కాడు. కోరాపుట్ కొండలు దాటి, మధ్యాహ్నం తర్వాత సాలూరు ఘాటు దిగడం మొదలుపెట్టారు. అప్పలస్వామి ఇప్పుడు మలుపులు చెప్పడం లేదు. ముందున్న కడ్డీ పట్టుకుని కొండల్ని చూస్తున్నాడు. మధ్యలో ఎప్పుడో తల వాల్చి నిద్రపోయాడు. పక్క సీట్లో కూర్చుని ఆయన నిద్రపోవడం ఆ ప్రయాణంలో అదే మొదలు.

అచ్చియమ్మ ఇల్లు సందులో ఉంది. లారీ రోడ్డు మీదే పెట్టి నడిచారు. ఆమె వసారాలో మంచం మీద ఉంది. మనిషి సగమైపోయింది. అన్నని చూసి చెయ్యి చాపింది. రమణబాబు గచ్చు మీద కాళ్ళు కడుక్కుంటూ వాళ్ళ మాటలు విన్నాడు.

"రైళ్ళు నేవంట కదా. ఏ బండిలో వొచ్చినావన్నా?"

"మావోడి బండిలో."

"రమణది రైలు కదేటి?"

"ఇప్పుడు లారీ. బాగా నడుపుతాడు. మెల్లగా నడుపుతాడు."

"ఏం, రైలేటైంది?" అంది అచ్చియమ్మ. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

సాయంత్రంలోగా విజయనగరంలో లోడు దింపాలి. రమణబాబు ఇక బయల్దేరవలసిన వేళ. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపల, తండ్రి మంచం పట్టె మీదికి జరిగి, చెల్లెలి చెయ్యి తన చేతిలో పెట్టుకుని, ఆమెకి వినపడేలా కొంచెం వంగి, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. కొడుకు సంగతితో కాదు. తన మొదటి గూడ్సు బండి దారిలో ఆగిపోయిన రోజుతో.